శిశువు చేతిలోని రేఖాగణితము

మా మనుమడు ఒకటవ తరగతి చదువుచుండిన రోజులలో ఒకనాటి సాయంకాలము బడినుండి ముఖము చిన్నబుచ్చుకొని ఇంటికి వచ్చెను. పుస్తకముల సంచిని మూలకు వేసి, లెక్కల అభ్యాసపుస్తకమును తెచ్చి నా యొడిలో పెట్టెను. అందులో ఒక పెట్టె బొమ్మ యున్నది. దాని క్రింద, "ఈ పెట్టెకు ముఖములెన్ని?" అను ప్రశ్న యున్నది. వాడు 3 అని వ్రాసినాడు. ఆ యంకెపై ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీచి, ప్రక్కన 6 అని దిద్దియున్నారు.

"చూడు అమ్మమ్మా, మూడేగా కనిపిస్తున్నాయి! నేను సరిగ్గానే లెక్కపెట్టాను" అని వాడు కన్నీళ్ళు పెట్టుకొనెను.

నేను కండ్లజోడు సవరించుకొని చూచితిని. వాడు చెప్పినది నిజమే. ముందరిది ఒకటి, ప్రక్కది ఒకటి, పైది ఒకటి. మొత్తము మూడే కనబడుచున్నవి. కాగితమును వెనుకకు త్రిప్పి చూచినచో అక్కడ మరియొక లెక్క యున్నదే గాని పెట్టె వెనుకభాగము లేదు.

దిద్దినవారిని నేను తప్పుపట్టలేదు. పెట్టెకు ఆరు ముఖములుండుట సత్యము. కాని ఆ పిల్లవాడు కూడ అసత్యము వ్రాయలేదు. తనకు చూపినదానిని వాడు నిజాయితీగా లెక్కించినాడు. మనమందరము పెట్టె బొమ్మను చూచి ఆరు ముఖములని తడుముకొనక చెప్పుదుము. ఏలయన, మనము వేల పెట్టెలను చేతితో పట్టి, త్రిప్పి, తెఱచి, మూసి యెఱుగుదుము. బొమ్మలో లేని మూడు ముఖములను మన యనుభవము పూరించుచున్నది. ఆ యనుభవము లేని పసివానికి బొమ్మ నిచ్చి పెట్టెను తెలిసికొమ్మనుట, ఫలము నెఱుగనివానికి దాని పేరు వ్రాసియిచ్చి రుచి చెప్పుమనుట వంటిది. ముందు వస్తువు, పిదప బొమ్మ. ముందు చేయి, పిదప పేరు. ఈ క్రమము తలక్రిందులైనచోట లెక్కలయందు పిల్లలకు మొదటి భయము పుట్టును. ఈ ప్రసంగమున నేను చెప్పదలచినదంతయు ఇంతే.

పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు కొలతలు గలవానిని ఘనరూపములందుము. గోళము, ఘనము, దీర్ఘఘనము, స్తూపము, శంకువు, పట్టకము, పిరమిడ్ మొదలైనవి వాని పేళ్ళు. పేళ్ళు పెద్దవియే గాని వస్తువులు మన వంటింటిలోనివే. సున్నియుండ గోళము. అగ్గిపెట్టె, ఇటుక, సబ్బుబిళ్ళ దీర్ఘఘనములు. పప్పుడబ్బా, బియ్యము కొలుచు సోల స్తూపములు. శనగల పొట్లము శంకువు. శిశువు ఈ లోకమునకు వచ్చిన నాటినుండి ఇట్టివానితోనే పరిచయము చేసికొనుచున్నది. గిలకను గుప్పిట పట్టును; బంతిని నోటబెట్టుకొనును; గిన్నెలో గిన్నె నుంచును. చతురస్రమును మాత్రము శిశువు విడిగా ఎన్నడును పట్టుకొని యెఱుగదు. చతురస్రము ఏదో యొక వస్తువుయొక్క ముఖమై యుండును. వృత్తము ఏదో డబ్బా మూతకు అంచై యుండును. బిందువు, రేఖ అనునవి అంతకంటెను సూక్ష్మములు. పెద్దలకై వ్రాసిన రేఖాగణిత గ్రంథములు బిందువుతో మొదలిడి, రేఖకు, తలమునకు, తుదకు ఘనమునకు ఎక్కును. తర్కమునకు అది చక్కని మెట్లవరుస. శిశువు మాత్రము ఆ మెట్లను పైనుండి దిగవలసి యున్నది.

ఈ సంగతిని గ్రహించి బోధనలో నిలిపినవారిలో ముఖ్యుడు జర్మనీ దేశీయుడైన ఫ్రెడరిక్ ఫ్రోబెల్. ఆయన 1782లో తురింగియా ప్రాంతమున జన్మించెను. తల్లి ఆయన శైశవముననే మరణించెను. యౌవనమున కొంతకాలము బెర్లిన్ నగరములో వైస్ అను ఖనిజశాస్త్రజ్ఞుని కడ స్ఫటికములను వేరుపఱచి అమర్చు పని చేసెను. రాతిలో పుట్టిన స్ఫటికము కూడ సమమైన ముఖములతో, నియమమైన మూలలతో పెరుగుట ఆయన కన్నులార చూచెను. ప్రకృతిలోని ఆ నియమమును పసిపిల్లల ఆటలోనికి తేవలెనను తలంపు ఆయనను విడువలేదు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అను చిన్నయూరిలో శిశువులకొఱకు ఆటవస్తువులు తయారుచేయుట కారంభించెను. 1840లో ఆ శిశుశాలకు "పిల్లల తోట" అను నర్థమిచ్చు కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. నేడు లోకమంతట వినబడు ఆ మాట ఆనాడు పుట్టినదే.

ఫ్రోబెల్ తన ఆటవస్తువులకు "కానుకలు" అని పేరిడెను. మొదటి కానుక ఆరు రంగుల ఉన్ని బంతులు. రెండవది కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్తూపము. గోళము ఎటు త్రోసిన అటు దొర్లును. ఘనము నిలిచినచోటనే నిలుచును. ఈ రెంటికి నడుమ స్తూపమున్నది. పడుకొన్నపుడు దొర్లును, నిలువబెట్టినపుడు నిలుచును. ఒకదానికొకటి విరుద్ధమైన రెండు గుణములు మూడవదానిలో రాజీపడుట మూడేండ్ల బిడ్డకు మాటలతో చెప్పనక్కఱలేదు. ఒక పీటను కొంచెము వాలుగా పెట్టి, నిమ్మకాయను, అగ్గిపెట్టెను, చిన్న డబ్బాను దానిపై వదలనిచ్చినచో చాలును. ఆపైన ఒక బొంగరమునో, కాగితపు పొట్లమునో నేలమీద దొర్లించుమనుడు. అది తిన్నగా పోక తన మొనచుట్టు తానే తిరిగి వచ్చును. మా మనుమడు దీనిని చూచి, "ఇది దారి మరిచిపోయింది" అనెను. శంకువును గూర్చి అంతకంటె మంచి పాఠము నేను చెప్పలేకపోతిని.

ఫ్రోబెల్ తన కొయ్యరూపములకు దారముకట్టి వ్రేలాడదీసి త్రిప్పించుచుండెను. ముఖము నడుమ దారము కట్టిన ఘనమును వడిగా త్రిప్పినచో కన్నులకు అది స్తూపమువలె కానవచ్చును. మనయింట దీనికి ఇంకను సులభమైన ఆట గలదు. రూపాయి నాణెమును బల్లపై నిలువబెట్టి గిఱ్ఱున త్రిప్పుడు. బిళ్ళగా నున్న నాణెము క్షణకాలము గాజుగోళమై కనబడును. ఏటికొప్పాక లక్కబొమ్మల రహస్యమును ఇదియే. వరాహనది యొడ్డునగల ఆ గ్రామమున అంకుడుకొయ్యను లేతుపై త్రిప్పుచు, ఉలితో చెక్కి, లక్కరంగు పట్టింతురు. తిరుగుచున్న కొయ్యనుండి పుట్టిన రూపము గనుక వాని బొంగరములు, భరిణెలు, గిలకలు అన్నియు గోళములో, స్తూపములో, శంకువులో, వాని కూర్పులో అయియుండును. అట్టి బొమ్మ యొకటి యింటనున్నచో, "ఇందులో ఉండ యెక్కడ? గొట్టమెక్కడ? పొట్లమెక్కడ?" అని పిల్లవానిచేత వెదకింపవచ్చును.

మూడవ కానుక అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేయునది. అది ఒక కొయ్యఘనము. కాని ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవును, మరల కలిసిపోవును. పిల్లలకు వస్తువును విరిచి లోపలేమున్నదో చూడవలెనను కుతూహలము సహజము. ఈ కానుక విరిచినను చెడిపోదు. వడ్రంగివద్ద ఒకేకొలత గల చిన్న ఘనములను కోయించి నున్నగా చేయించుకొన్నచో మనయింటనే ఈ యాట జరుగును. పిల్లవానికి ఒక ఘనము నిచ్చి, "దీనికి అన్నివైపుల రెట్టింపుండు ఘనమును కట్టుము, ఎన్ని కావలెను?" అని అడుగుడు. రెండు చాలునని వాడనును. రెండు పెట్టినచో పొడవు మాత్రమే రెట్టింపగును. నాలుగు పెట్టినచో పలకవలె నుండును. ఎనిమిది పెట్టినపుడు గాని ఘనము కాదు. మూడురెట్లు కావలెనన్నచో ఇరువదియేడు పట్టును. పెద్దతరగతులలో ఘనపరిమాణమును గూర్చిన సూత్రమును వల్లెవేయు పిల్లలలో, భుజము రెట్టింపైన పరిమాణము ఎనిమిదిరెట్లగునని వెంటనే చెప్పలేనివారిని నేనెందఱనో చూచితిని. అయిదేండ్లప్పుడు ఎనిమిది కొయ్యముక్కలు పేర్చిన చేయి ఆ సంగతిని మఱువదు.

ఈ కానుకలతో పెరిగినవారిలో అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఒకడు. 1876లో ఫిలడెల్ఫియా నగరమున జరిగిన మహాప్రదర్శనలో ఆయన తల్లి వీనిని చూచి, కుమారునికి తెచ్చియిచ్చెను. ఆ కొయ్యముక్కల స్పర్శ తన వ్రేళ్ళయందు నిలిచిపోయినదని వృద్ధాప్యమునందు కూడ ఆయన చెప్పుకొనెను.

ఇంతకంటె నాకు ప్రియమైన కథ ఇంకొకటి గలదు. ఫ్రోబెల్ పద్ధతిలో నానబెట్టిన బఠాణీలను, సన్నని పుల్లలను ఇచ్చి, వానితో గూళ్ళు కట్టించు అభ్యాసమున్నది. 1895లో అమెరికాలో జన్మించిన బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అను బాలునికి దగ్గరి వస్తువులు స్పష్టముగా కనబడెడివి కావు. కండ్లద్దములు ఇంకను రాలేదు. శిశుశాలలో తక్కిన పిల్లలు తాము చూచిన ఇండ్లవలె నలుపలకల గూళ్ళు కట్టిరి. ఈ పిల్లవాడు ఇండ్ల రూపమును సరిగా చూచి యెఱుగడు. కావున పుల్లలను వ్రేళ్ళతో నొక్కి నొక్కి, ఏది కదలక నిలుచునో దానిని వెదకెను. నాలుగుపుల్లల చట్రము ప్రక్కకు ఒరిగెను. మూడుపుల్లల చట్రము కదలలేదు. వాడు త్రిభుజములతోనే తన గూడంతయు కట్టెను. ఉపాధ్యాయినులు వచ్చి ఆశ్చర్యముతో చూచిరని ఆయన తరువాత చెప్పుకొనెను. పెద్దవాడైన పిమ్మట త్రిభుజముల కూర్పుతో గోళాకారపు కట్టడములు నిర్మించి ప్రసిద్ధుడయ్యెను. 1967లో మాంట్రియల్ ప్రపంచప్రదర్శనలో అమెరికా మండపముగా నిలిచిన మహాగోళము ఆయన నిర్మించినదే. కంటికి దొరకనిది చేతికి దొరకినది.

బఠాణీలు, పుల్లలు అనగానే మనకు క్రొత్తగా తోచనక్కఱలేదు. మన పల్లెలలో పిల్లలు జొన్నదంటు బెండును ముక్కలుచేసి, ఈనెలు గ్రుచ్చి, ఎడ్లబండ్లను, మంచెలను, కుర్చీలను చేయుట ఎవరెఱుగరు? ఎవరును నేర్పని ఆ యాటలో ఫ్రోబెల్ పాఠమంతయు నిమిడియున్నది. జొన్నబెండు దొరకని పట్టణములో నానిన శనగలును చీపురుపుల్లలును చాలును. ఆరు పుల్లలు, నాలుగు గింజలు తీసికొన్నచో నాలుగు త్రికోణ ముఖముల రూపము వచ్చును. పండ్రెండు పుల్లలు, ఎనిమిది గింజలు తీసికొన్నచో ఘనము వచ్చును. రెంటిని మెల్లగా నొక్కి చూడుమనుడు. మొదటిది బిగువుగా నిలుచును; రెండవది ఊగును. విద్యుత్తు తీగలను మోయు ఇనుపస్తంభములలో అన్ని ఏటవాలు కమ్ములు ఏలయుండునో పిల్లవాడు రైలు కిటికీనుండి చూచి తానే చెప్పగలుగును. మనదేశమున అరవింద్ గుప్తా 1978లో హోషంగాబాద్ విజ్ఞానబోధన కార్యక్రమమున పనిచేయుచు, అగ్గిపుల్లలను సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో కలిపి ఇట్టి రూపములను చేయించెను. అణా ఖర్చులేని ఆ సామగ్రి అనేక పాఠశాలలకు వ్యాపించినది.

ఇక మరియా మాంటిస్సోరి. ఆమె ఇటలీ దేశపు వైద్యురాలు. 1907లో రోమ్ నగరపు సాన్ లొరెంజో పేటలో బీదపిల్లలకొఱకు శిశుగృహమును తెఱచెను. 1939లో మదరాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు మనదేశమునందే యుండి, ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. ఆమె పద్ధతిలో నీలిరంగు వేసిన కొయ్యరూపములు బుట్టలో నుండును. గోళము, గ్రుడ్డువంటి రూపము, ఘనము, పట్టకము, స్తూపము, శంకువు, పిరమిడ్ మొదలైనవి అందులోనివి. పిల్లవాడు కన్నులు మూసికొని, వానిని రెండుచేతులతో తడవి గుర్తించును. మరియొకటి గులాబిరంగు గోపురము. ఒక సెంటిమీటరు భుజముగల ఘనము మొదలు పది సెంటిమీటర్ల భుజముగల ఘనమువఱకు పది ఘనములను పిల్లవాడు క్రిందినుండి పైకి పేర్చును. అన్నిటికంటె పెద్దదానిలో చిన్నవి వేయి పట్టును. మూడేండ్ల బిడ్డకు ఆ యంకె తెలియదు. కాని పెద్దదానిని మోయ రెండుచేతులు, చిన్నదానిని పట్ట రెండువ్రేళ్ళు కావలెనని తెలియును.

పేళ్ళు నేర్పుటకు ఆమె సెగువాన్ అను ఫ్రెంచి వైద్యునినుండి గ్రహించిన మూడు మెట్లు గలవు. మొదట వస్తువును చేతికిచ్చి, "ఇది గోళము, ఇది శంకువు" అని చెప్పుట. రెండవ మెట్టున, "శంకువు నాకిమ్ము, గోళమును బల్లపై పెట్టుము" అని అడుగుట. మూడవ మెట్టున వస్తువును చూపి, "ఇది యేమి?" అని ప్రశ్నించుట. రెండవ మెట్టున బిడ్డ పొరబడినచో దిద్దనక్కఱలేదు, గద్దింపనక్కఱలేదు. ఆ దినమునకు ఆట చాలించి, మరియొకనాడు మొదటి మెట్టునుండి రావలెను. మన యిండ్లలో తఱచుగా జరుగునదేమి? వస్తువు చేతికందకముందే, "ఇదేమిటో చెప్పు, చెప్పు" అని చుట్టములయెదుట మూడవ మెట్టుతో మొదలు పెట్టుచున్నాము.

పేళ్ళ విషయమున తెలుగు తల్లులకు ఒక చిక్కు, ఒక వసతి కలవు. చిక్కు "గుండ్రము" అను మాటలో నున్నది. చందమామ గుండ్రము, గాజు గుండ్రము, బంతి గుండ్రము, స్తంభము గుండ్రము. నాలుగింటికిని ఒకేమాట వాడినచో వృత్తమునకు, గోళమునకు, స్తూపమునకు గల భేదము పిల్లవానికి మాటలో దొరకదు. వసతి యేమనగా, మన వాడుకభాషలో ఆ భేదములకు చక్కని పేళ్ళు సిద్ధముగా నున్నవి. ఉండ, బిళ్ళ, గొట్టము, కడ్డీ, దిమ్మె, పలక, పొట్లము, కమ్మి: ఒక్కొక్కమాటకు ఒక్కొక్క రూపము. "బెల్లపుదిమ్మె" యనవలసినచోట "బెల్లపుటుండ" యన్నచో పనిమనిషికి కూడ నవ్వు వచ్చును. ఈ యింటిమాటలు ముందు నాటినచో బడిమాటలు వాని ప్రక్కన సులభముగా మొలచును. గణితమున "స్తూపము" అను మాటను మాత్రము కొంత జాగ్రత్తతో చెప్పవలెను. అమరావతి, సాంచి స్తూపముల చిత్రములు చూచిన బిడ్డకు ఆ మాట వినగానే బోర్లించిన గిన్నెవంటి కట్టడము మనసున మెదలును. లెక్కలలో స్తూపమనగా సోలవంటిదని ఒకమారు సోలనే చేతికిచ్చి చెప్పినచో ఆ సందేహము తీరును.

ఏ వయసున ఏమి ఆశింపవచ్చునో తెలిసికొనుట కూడ అవసరము. స్విట్జర్లాండు దేశీయుడైన జాన్ పియాజె తన సహచారిణి బార్బెల్ ఇన్‌హెల్డర్‌తో కలిసి 1948లో ప్రకటించిన గ్రంథమున, తెరవెనుక వస్తువులనుంచి, పిల్లలచేత తడివించి, గుర్తింపజేసిన సంగతులు గలవు. మూడునాలుగేండ్ల బిడ్డ చెంచా, బంతి మొదలగు ఎఱిగిన వస్తువులను వెంటనే చెప్పును. మూలలను, అంచులను లెక్కించి రూపములను వేరుపఱచుట ఆరేడేండ్లకు గాని కుదురదు. చిన్నబిడ్డ వస్తువును గుప్పిట పట్టి యూరకుండును. పెద్దబిడ్డ వ్రేలితో అంచు వెంబడి పోవుచు, బయలుదేరిన చోటికి తిరిగి వచ్చును. వ్రేలు నడచిన త్రోవయే మనసులో బొమ్మయగుచున్నది. మట్టియుండను కడ్డీగా సాగదీసినచో మట్టి యెక్కువైనదని అయిదేండ్ల బిడ్డ యనుటయు ఆయన చూపిన సంగతియే. ఏడెనిమిదేండ్లకు ఆ భ్రమ దానంతట తొలగును. అంతకుముందు వాదించి తొలగింపజూచుట వ్యర్థము. మరల ఉండగా చుట్టి చూపుట మేలు.

ఇంటిలో చేయదగిన మరికొన్ని పనులను చెప్పెదను. దిండుగలీబులో అయిదారు వస్తువులు వేసి, చూడక చేయిపెట్టి, "మూలలు లేనిది తీయుము", "ఒక్క మొన గలది తీయుము" అని అడుగుట మొదటిది. వంట చేయునపుడు బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని కూరగాయల కోతలను చూపుట రెండవది. ముల్లంగిని అడ్డముగా తరిగినచో వృత్తము, ఏటవాలుగా తరిగినచో కోడిగ్రుడ్డు వంటి రూపము, నిలువునా చీల్చినచో పొడుగుపలక. సున్నియుండను ఎటుకోసినను వృత్తమే. ఆ గుణము గోళమునకే చెల్లును. ఘనముగా కోసిన జున్నుముక్కకు ఒక మూల చెక్కినచో త్రికోణపు ముఖము బయటపడును. ఆ మూలను ఎవరు తినవలెనను తగవు కూడ పాఠములో భాగమే.

మూడవది, మందులడబ్బానో, సబ్బుపెట్టెనో అంచులవెంబడి విప్పి, నేలపై పఱచుట. పెట్టె పలకగా మారును. మడిచినచో పలక మరల పెట్టెయగును. ఆరు సమచతురస్రములు అతికిన అట్టతో ఘనమును మడవవలెనన్నచో వానిని వేర్వేరుగా పదునొకండు విధములుగా అమర్చవచ్చును. ఎనిమిదేండ్ల బాలికలు సెలవులలో వానినన్నిటిని వెదకి పట్టుటకు ఎంత ఉత్సాహపడుదురో చూచితీరవలెను. నాలుగవది, ఒకే అడుగు, ఒకే యెత్తు ఉండునట్లు ఒక కాగితపు శంకువును, ఒక గొట్టపుడబ్బాను చేసి, శంకువుతో బియ్యము కొలిచి డబ్బాలో పోయుట. ఎన్నిమార్లు పట్టునని ముందుగా పందెము వేయుడు. రెండనువారే యెక్కువ. సరిగా మూడు పట్టును.

కొంచెము పెద్దపిల్లలకు ఒక వింతలెక్క. పెట్టెకు ముఖములు ఆరు, మూలలు ఎనిమిది; కూడినచో పదునాలుగు. అందులోనుండి అంచులు పండ్రెండు తీసివేసినచో రెండు మిగులును. నాలుగు ముఖముల శనగల గూటికి నాలుగు మూలలు, ఆరు అంచులు, అక్కడను రెండే. త్రికోణపు పట్టకమునకు అయిదు ముఖములు, ఆరు మూలలు, తొమ్మిది అంచులు, మరల రెండే. పదునెనిమిదవ శతాబ్దమున ఆయిలర్ అను మహాగణితజ్ఞుడు దీనిని నియమముగా ప్రకటించెను. పుల్లలు, గింజలు లెక్కపెట్టిన పిల్లవాడు ఆ నియమము వాకిట నిలిచినట్లే.

కొన్ని జాగ్రత్తలు లేకపోలేదు. మూడేండ్లలోపు బిడ్డలయెదుట గోలీలు, శనగలు వంటి చిన్నవస్తువులు ఉంచరాదు. నోటిలోనో, ముక్కులోనో పెట్టుకొందురు. కత్తి పెద్దల చేతిలోనే యుండవలెను. ఆటను పరీక్షగా మార్చరాదు. ముఖ్యముగా, బిడ్డ ఆలోచించుచుండగా మనము ముందుగా జవాబు చెప్పరాదు. ఆ నిమిషపు మౌనము భరించుట పెద్దలకు కష్టము. బిడ్డకు అదియే చదువు.

2020 నాటి జాతీయ విద్యావిధానమును అనుసరించి, 2022లో మూడునుండి ఎనిమిదేండ్ల పిల్లలకు ఏర్పఱచిన పాఠ్యప్రణాళిక ఆటద్వారా, వస్తువులద్వారా బోధించుటకు పెద్దపీట వేసినది. 2023లో "జాదూయి పిటారా" అను పేరుతో ఆటబొమ్మల పెట్టెయు వెలువడినది. ఇది సంతోషింపదగినదే. కాని బడిలో నలుబదిమంది చేతులలోనికి ఒక పెట్టె రావలెనన్నచో వంతు పట్టును. ఇంటిలో ఆ వంతు లేదు. మనము చేతికిచ్చు ఫోను అద్దములో ఎంత చక్కని ఘనము తిరిగినను వ్రేలికి తగులునది నున్నని పలకయే. వంటింటి అరలోని సోలకు ఉన్న అంచు దానికి లేదు.

ఆనాటి సాయంకాలమునకు మరల వచ్చెదను. నేను వానికి ఆరు అని చెప్పలేదు. బట్టలసబ్బు వచ్చిన అట్టపెట్టె నొకదానిని చేతికిచ్చి, "నువ్వే లెక్కపెట్టు నాన్నా" అంటిని. వాడు త్రిప్పి త్రిప్పి ఏడనెను; మరల లెక్కించి అయిదనెను. త్రిప్పుచున్నపుడు ఏది లెక్కించినదో ఏది లెక్కింపనిదో తెలియుటలేదు. కొంతసేపటికి దేవుని అరుగువద్దకు పోయి కుంకుమభరిణె తెచ్చుకొనెను. లెక్కించిన ముఖమునకెల్ల ఒక బొట్టు పెట్టెను. ఆరు బొట్లయిన పిదప బొట్టులేని ముఖము దొరకలేదు. ఆ యుపాయము నేను నేర్పినది కాదు.

తరువాత పుస్తకము తెఱచి, ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన తన 3 వంకను, ప్రక్కనున్న 6 వంకను కొంతసేపు చూచెను.

"మూడు కనిపిస్తున్నాయి అమ్మమ్మా. మూడు వెనకాల దాక్కున్నాయి" అనెను.

ఆ మాటతో వాని లెక్క సరిపోయినది. వాని కన్నీరును ఆరినది. పెట్టె నిండ కుంకుమబొట్లతో మా అల్మరాపై ఇప్పటికిని ఉన్నది.